మీకు తెలుసా? ముందు నవల, ఆ తర్వాతే కథ

పేదరాశి పెద్దమ్మ కథ ఎంతసేపుంటుంది? పిల్ల నాలుగు ముద్దలు మింగేలోపు రాక్షసుడు చావాలి, పెళ్ళి జరగాలి, కథ కంచికి వెళ్ళిపోవాలి. అలాంటిదాన్ని పట్టుకుని ఎవరైనా నవల రాశారంటే, పనిలేక సాగదీశారులే అనుకునేదాన్ని. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద, అట్ట చివర చిరిగిన ఇంగ్లీషు నవల ఒకటి 60 రూపాయలకి కొన్నాను. రాబిన్ మెకిన్లీ రాసిన 'బ్యూటీ'. డిస్నీ పుణ్యమా అని మనందరికీ తెలిసిన 'బ్యూటీ అండ్ ద బీస్ట్' కథే. చివర్లో మృగం కాస్తా రాజకుమారుడవుతాడని మొదటి పేజీ తిప్పకముందే తెలుసు. అయినా ఆ రాత్రి ఒంటిగంట దాకా లైటు తీయలేదు.

మర్నాటి నుంచి ఈ కథ పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం మొదలుపెట్టాను. తేలిందేమిటంటే, నేను తలకిందులుగా అనుకుంటున్నాను. ఇక్కడ కథని సాగదీసి నవల చెయ్యలేదు. నవలనే కుదించి కథ చేశారు.

పుట్టిందే లావుగా

'బ్యూటీ అండ్ ద బీస్ట్' తొలిసారి అచ్చయింది 1740లో, ఫ్రెంచిలో. రాసినావిడ గాబ్రియేల్ సుజాన్ ద విల్నవ్. భర్త ఉన్న ఆస్తంతా తగలేశాడు, ఆవిడకి 26 ఏళ్ళప్పుడు చనిపోయాడు. తర్వాత ఆవిడ పారిస్ చేరి కలాన్ని నమ్ముకుంది. ఈ కథ రాసింది పిల్లల కోసం కాదు, తీరిగ్గా చదువుకునే పెద్దవాళ్ళ కోసం. నిడివి చూస్తే నవలంత.

అందులో బ్యూటీ తండ్రి అయిన వ్యాపారికి ఆరుగురు కొడుకులు, ఆరుగురు కూతుళ్ళు. మృగం కోటలో బ్యూటీకి ఊడిగం చేసేవి కోతులు, కబుర్లు చెప్పేవి చిలకలు. ఒకచోట వింత కిటికీలుంటాయి. ఒకటి తెరిస్తే పారిస్‌లో ఆడుతున్న నాటకం, ఇంకోటి తెరిస్తే ఒపేరా, మరొకదానిలో సెయింట్ జెర్మెయిన్ తిరునాళ్ళు. దిక్కులేని కోటలో కూచున్న పిల్ల రాజధాని వేడుకలన్నీ కదలకుండా చూస్తుంది. చదువుతుంటే నాకు ఆ పిల్ల చేతిలో రిమోట్ కనిపించింది.

రాత్రిళ్ళు ఆమె కలలోకి ఒక అందగాడు వస్తుంటాడు. బీస్ట్ ఇతన్ని ఎక్కడో గదిలో బంధించి పెట్టాడేమోనని ఆమె అనుమానం. భోజనాల వేళ ఎదురుగా కూచునేవాడూ, కలలోకి వచ్చేవాడూ ఒక్కడేనని మనకి తెలుసు, ఆమెకి తెలీదు. పైగా ఈ బీస్ట్‌కి తగిలిన శాపం రూపంతో ఆగలేదు. తెలివితేటలు కూడా బయటపడకూడదు, మొద్దులాగే మాట్లాడాలి. దాంతో పగటి మనిషి మీద జాలి, రాత్రి మనిషి మీద మనసు. ఎంత దాగుడుమూతలో చూడండి. అయిదు నిమిషాల కథలో దీనికి చోటెక్కడుంటుంది?

అసలు సరదా ఆ తర్వాత. మృగం మనిషయ్యాక శుభం కార్డు పడుతుందనుకుంటాం కదా. పడదు. ఇంకా బోలెడు పుస్తకం మిగిలి ఉంటుంది. రాజకుమారుడి తల్లి దిగుతుంది. ఆవిడ అంతఃపురంలో కూచునే రాణి కాదు, సైన్యాన్ని నడిపి యుద్ధాలు చేసినావిడ. కొడుకు శాపం తీర్చినందుకు సంతోషమే గానీ, వ్యాపారి కూతురిని కోడలిగా తెచ్చుకోవడం కుదరదని అడ్డం తిరుగుతుంది. అప్పుడు ఒక దేవకన్య పూనుకుని పాత సంగతులన్నీ విప్పుతుంది. బ్యూటీ అసలు ఆ వ్యాపారి కన్నబిడ్డే కాదట, ఒక రాజుకీ ఒక దేవకన్యకీ పుట్టిన పిల్లట. అత్తగారి అభ్యంతరం, పుట్టుక రహస్యం, ఫ్లాష్‌బ్యాక్ లోపల మరో ఫ్లాష్‌బ్యాక్. మన సీరియళ్ళ వాళ్ళని ఊరికే ఆడిపోసుకుంటాం.

ఉల్లిపాయ

మరి మనకి తెలిసిన పొట్టి కథ ఎక్కడిది? అది 1756లో వచ్చింది. జాన్ మారీ లెప్రాన్స్ ద బొమోన్ అనే ఫ్రెంచి పంతులమ్మ లండన్‌లో పెద్దింటి ఆడపిల్లలకి చదువు చెప్పేది. పాఠాల మధ్య చెప్పుకునే కథలుగా ఒక పుస్తకం వేసింది. అందులో ఈ కథని పెట్టింది. పన్నెండు మంది పిల్లలు ఆరుగురయ్యారు. కలలు పోయాయి, కిటికీలు పోయాయి, అత్తగారు పోయింది. విల్నవ్ నవలలో బీస్ట్ రోజూ రాత్రి 'నీ పక్కన పడుకోనిస్తావా' అని అడుగుతాడు. పిల్లల పుస్తకంలో అది చెల్లదు కాబట్టి 'నన్ను పెళ్ళి చేసుకుంటావా' అయింది.

పుస్తకంలో విల్నవ్ పేరెక్కడా లేదు. ఆవిడ అంతకుముందు ఏడే, అంటే 1755లో, కన్నుమూసింది.

బొమోన్ మీద నాకు కోపం లేదు. గొప్ప ఎడిటర్. ఆవిడ కత్తెర పడకపోతే ఈ కథ ఇన్ని దేశాలు తిరిగేది కాదు. తీసెయ్యడమే కాదు, ఒక చిన్న వస్తువు దగ్గర చెయ్యి తిరిగిన రచయిత్రి అనిపించుకుంది కూడా. తండ్రి వెంట బ్యూటీ మృగం కోటకి బయల్దేరుతుంటే, అక్కలిద్దరికీ కన్నీళ్ళు కావాలి. కళ్ళకి ఉల్లిపాయ రుద్దుకుంటారు. మా మనవరాలికి ఈ కథ చెప్పేటప్పుడు ఏది మర్చిపోయినా ఊరుకుంటుంది గానీ ఉల్లిపాయ మర్చిపోతే ఒప్పుకోదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాలి.

ఆ అక్కల గతి చివరికి ఏమయిందో తెలుసా? చెల్లెలి కోట గుమ్మం ముందు రాతిబొమ్మలైపోయారు. తెలివి ఉంటుంది, కదలిక ఉండదు. చెల్లెలి సుఖం రోజూ చూస్తూ నిలబడాలి. ఇదీ పిల్లల కథ!

దొంగల గుహలో పెద్దమ్మ

ఇంకా వెనక్కి వెళ్ళాను. ఫ్రాన్సులో దేవకన్యల కథలకి ఆ పేరు స్థిరపడింది 1697లో, మదామ్ దోల్నోయ్ అనే రచయిత్రి తన సంపుటికి ఆ పేరు పెట్టడంతో. కానీ ఆవిడ రాసిన మొట్టమొదటి దేవకన్య కథ అంతకు ఏడేళ్ళ ముందే, 1690లో వచ్చింది. ఎక్కడ? తన నవల మధ్యలో, ఒక పాత్ర చెప్పే కథగా.

ఇక బీస్ట్ కథకి ముత్తాత అని పండితులు చెప్పేది సైకీ కథ. కంటికి కనబడని భర్త, అసూయపడే అక్కలు, మాయ కోట, అన్నీ అందులోనే ఉన్నాయి. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో అపులియస్ లాటిన్‌లో రాశాడు. అదీ విడి కథ కాదు, 'బంగారు గాడిద' అనే నవలలో ఒక భాగం. దొంగలు ఒక పెళ్ళికూతురిని ఎత్తుకొచ్చి గుహలో పడేస్తారు. ఏడుస్తున్న ఆ పిల్లని ఊరడించడానికి, దొంగలకి వండిపెట్టే ముసలమ్మ ఈ కథ చెబుతుంది. పేదరాశి పెద్దమ్మ రోమన్లకీ ఉందన్నమాట. కాకపోతే పూటకూళ్ళిల్లు నడపకుండా దొంగలకి వంట చేస్తోంది.

ఓడలో ఒకరు, కాశీ దారిలో ఒకరు

విల్నవ్ కథ ఎవరు ఎవరికి చెబుతారో తెలుసా? ఫ్రాన్సులో చదువు ముగించుకుని ఒక అమ్మాయి సముద్రం మీద అవతలి ఖండంలో ఉన్న సెయింట్ డొమింగ్‌కి, అంటే ఈనాటి హైతీకి, ఇంటికి వెళుతుంటుంది. నెలల తరబడి ఓడ ప్రయాణం. పొద్దుపోవడానికి ఆమె దాసి ఈ కథ ఎత్తుకుంటుంది.

ఇది చదవగానే మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీ మజిలీ కథలు' గుర్తురాని తెలుగువాళ్ళుంటారా? కాశీకి బయల్దేరిన మణిసిద్ధుడు, తోడు రమ్మంటే మజిలీ మజిలీకి కథ చెబితేనే వస్తానన్న పశువుల కాపరి గోపడు. దారి పొడుగు కాబట్టి కథా పొడుగే. పన్నెండు భాగాలు. అక్కడ ఓడ, ఇక్కడ కాలినడక. విమానంలో గంటలో దిగిపోయేవాళ్ళకి ఇలాంటి కథలు పుట్టవేమో.

తొండమా, కోరలా?

బొమోన్ తన కథలో బీస్ట్ ఎలా ఉంటాడో చెప్పనే లేదు. భయంకరంగా ఉంటాడు, అంతే. విల్నవ్ మాత్రం ఏనుగులాంటి తొండం పెట్టింది, నడుస్తుంటే ఒంటి మీద పొలుసులు గలగలలాడతాయంది. బొమ్మలు గీసేవాళ్ళకి పండగే. 1870ల్లో వాల్టర్ క్రేన్ దర్బారు దుస్తులు తొడిగిన అడవిపంది లాంటివాణ్ణి గీశాడు. 1991 డిస్నీ సినిమాకి గ్లెన్ కీన్ అడవిదున్న తల, సింహం జూలు, గొరిల్లా నుదురు, పంది కోరలు, ఎలుగుబంటి ఒళ్ళు, తోడేలు కాళ్ళు కలిపాడు. ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ దక్కిన మొదటి యానిమేషన్ సినిమా అదే.

ఇంకా ఎవరూ రాయని పుస్తకాలు

ఇప్పుడు నా 60 రూపాయల పుస్తకం దగ్గరికి వద్దాం. 'బ్యూటీ' 1978లో వచ్చింది. మెకిన్లీకి అదే మొదటి నవల. కథలో ఏదీ మార్చలేదు. ఓడలు మునగడం, అప్పులు, పల్లెకి మకాం మార్చడం, తండ్రి దారితప్పడం, గులాబీ, అన్నీ ఉన్నాయి. మార్చిందల్లా మనుషుల్ని.

కథ చెప్పేది ఆ అమ్మాయే. అసలు పేరు ఆనర్, అంటే గౌరవం. చిన్నప్పుడు ఆ పేరుకి అర్థమేమిటని అడిగి, తండ్రి చెబితే బుర్రకెక్కక, దానికన్నా బ్యూటీ అని పిలవండి అంది. పిలిచారు. పెద్దయ్యేసరికి ఆ పిల్ల సన్నగా, పొడుగ్గా, చేతులూ పాదాలూ అవసరానికి మించి పెరిగి, అద్దం చూసుకోవడానికి ఇష్టపడని మనిషయింది. పేరు మాత్రం అతుక్కుపోయింది. మన ఇళ్ళల్లో 'బుజ్జి' అన్న ముద్దుపేరుతో ఆరడుగుల మనుషులు లేరూ, అలాగన్నమాట.

అక్కలు మంచివాళ్ళు. ఉల్లిపాయ అవసరం లేదు, నిజంగానే ఏడుస్తారు. నవల మొత్తంలో నాకు బాగా నచ్చిన మార్పు ఇదే. అక్కలు రాచి రంపాన పెట్టే ఇంటి నుంచి పిల్ల కోటకి వెళ్ళిపోతే అది త్యాగం ఎలా అవుతుంది? పీడ విరగడయినట్టే కదా. ఇష్టమైన ఇల్లు, కట్టెలు కొట్టడం నేర్చుకున్న పెరడు, కొలిమి పనిచేసే బావ, వీటిని వదిలి వెళ్ళేటప్పుడు కదా చదివేవాళ్ళకి గొంతు పట్టుకునేది. అందుకే బీస్ట్ కోట కనబడే ముందు ఇంటి సంగతులు అన్ని పేజీలు. మొదట విసుక్కున్నాను, ఆ పేజీలు ఎందుకున్నాయో తర్వాత తెలిసింది.

కోటకి ఆమె తనతో తీసుకెళ్ళేది ఒక పేద్ద గుర్రం, పేరు గ్రేట్‌హార్ట్. తల్లి చచ్చిపోతే పిల్లగా ఉన్నప్పుడు తన చేత్తో పెంచుకున్నది. మాయ కోటలో ప్రాణం ఉన్న పరిచయస్థుడు అదొక్కటే. పొద్దున్నే లేచి ఆమె వెళ్ళేది గుర్రపుశాలకే.

ఇంకోటి చెప్పకపోతే నిద్రపట్టదు. కోటలో ఒక పెద్ద గ్రంథాలయం ఉంటుంది. అందులో ఇప్పటిదాకా రాసిన పుస్తకాలే కాదు, ఇంకా రాయబోయేవీ ఉంటాయి. బ్యూటీ అర్థం కాక తల గోక్కుంటూ బ్రౌనింగ్ కవిత్వం చదువుతుంది, షెర్లాక్ హోమ్స్ చదువుతుంది. ఆ కథల్లోని రైలూ గియిలూ ఏమిటో ఆమెకేం తెలుసు? బీస్ట్‌తో కలిసి చదువుతుంది, వాదిస్తుంది. రోజూ రాత్రి అదే ప్రశ్న, అదే జవాబు. నెలలు గడుస్తాయి. పొట్టి కథలో 'కొన్నాళ్ళు గడిచాయి' అనే ముక్క ఉంటుంది చూశారూ, ఆ ముక్క లోపల ఏం జరిగిందో నాకు ఈ నవల చూపించింది.

చెప్పిన మాట ఎందుకు వింటుంది?

ఇలా పాత కథలో దాటేసిన చోట వేలు పెట్టి నవల లాగినవాళ్ళు చాలామందే ఉన్నారు. గెయిల్ కార్సన్ లెవిన్ సిండ్రెల్లా కథ రాయబోయి ఆగిపోయింది. సవతి తల్లి ఏం చెప్పినా ఆ పిల్ల నోరెత్తకుండా ఎందుకు చేస్తుంది? అంత మంచితనం ఆవిడకి మింగుడుపడలేదు. చివరికి ఒక మార్గం తట్టింది. పుట్టగానే ఒక దేవకన్య వరమనుకుని శాపం పెట్టింది, ఎవరు ఏం ఆజ్ఞాపించినా ఈ పిల్ల చేసి తీరాలి. 'ఎల్లా ఎన్‌చాంటెడ్' 1997లో వచ్చింది, మరుసటి ఏడు న్యూబెరీ ఆనర్ దక్కించుకుంది. ఒక్క ప్రశ్నకి జవాబు చెబితే నవలయింది.

సిండ్రెల్లా అంటే చెప్పు కదా. మరిస్సా మేయర్ 2012లో రాసిన 'సిండర్' లో చెప్పు కాదు, పాదమే వదులు. ఆ పిల్ల సగం మనిషి, సగం యంత్రం, బీజింగ్ సంతలో మెకానిక్. కథ మొదలయ్యేసరికి తనకి చిన్నదైపోయిన ఇనుప పాదాన్ని స్క్రూలు తిప్పి ఊడదీస్తూ ఉంటుంది. బీజింగ్ ఎందుకంటారా, బంగారు చెప్పు పోగొట్టుకున్న యె షియన్ అనే పిల్ల కథ చైనాలో తొమ్మిదో శతాబ్దంలోనే రాసిపెట్టి ఉంది. ఫ్రాన్సులో పెరో గాజు చెప్పు తొడిగింది 1697లో.

సి.ఎస్. లూయీస్ అయితే సైకీ కథని అక్క నోట చెప్పించాడు. 1956 నాటి 'టిల్ వియ్ హావ్ ఫేసెస్'. ఈ అక్క అసూయతో కాదు, ప్రేమతో చెల్లెలి కాపురం కూలుస్తుంది. చెల్లెలు ఇదిగో నా కోట అని చూపిస్తుంటే అక్క కంటికి కొండా, గడ్డీ తప్ప ఏమీ కనబడదు. ఎవరి కన్ను అబద్ధం చెబుతోంది? కుర్రవాడిగా ఉన్నప్పుడే లూయీస్‌కి ఈ ఆలోచన తగులుకుంది. పద్యంలో మొదలుపెట్టి వదిలేశాడు. నవలగా తేలేసరికి వయసు 57.

ప్రశ్నాపత్రం

డొనాల్డ్ బార్తెల్మీ 1967లో రాసిన 'స్నో వైట్' నవల మధ్యలో పాఠకులకి ప్రశ్నాపత్రం ఉంటుంది. ఇప్పటిదాకా కథ నచ్చిందా, ఈ స్నో వైట్ మీకు గుర్తున్న స్నో వైట్‌లాగే ఉందా అని. నేను పెన్సిల్‌తో టిక్కులు పెట్టాను.

నవ్వులాట కానిది

జేన్ యోలెన్ 1992లో రాసిన 'బ్రయర్ రోజ్' గురించి పొడుగ్గా చెప్పలేను. నిద్రపోయిన రాజకుమారి కథని ఒక అమ్మమ్మ మనవరాళ్ళకి పదేపదే చెబుతుంటుంది. చనిపోయే ముందు, ఆ రాజకుమారిని నేనే అంటుంది. మనవరాలు వెతుక్కుంటూ పోలండ్ వెళితే, కథలో అందరినీ నిద్రపుచ్చిన మంచు, ముళ్ళకంచె, కోట, ఒక్కొక్కటీ చెల్మ్నో అనే నాజీ మరణశిబిరం దగ్గర నిజంగా ఎదురవుతాయి. నోటితో చెప్పలేనిదాన్ని ఆ ముసలావిడ కథలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. అది మూసేశాక రెండు రోజులు వేరే పుస్తకం పట్టలేదు.

తెలిసిన కథే ఎందుకు?

ఈ ప్రశ్న మనల్ని ఎవరైనా అడగాలా? 'మాయాబజార్' 1957లో వచ్చింది. శశిరేఖగా మారిన ఘటోత్కచుడే పీటల మీద కూచున్నాడని మూడు తరాలకి తెలుసు. అయినా లక్ష్మణకుమారుడి కాలు తొక్కే చోట ఇల్లంతా టీవీ ముందుకి వస్తుంది. ఇంకో మాట, వ్యాసుడి భారతంలో ఈ శశిరేఖ పెళ్ళి లేనే లేదు. జనం నోళ్ళలో పుట్టి, నాటకాల్లో పెరిగి, సినిమా ఎక్కింది.

మృగం పెళ్ళికొడుకు కూడా మనకి కొత్త కాదు. పంచతంత్రంలో పాముని కన్న బ్రాహ్మణ దంపతులున్నారు. ఆ పాముకి పిల్లనిచ్చి పెళ్ళి చేస్తే, రాత్రి కుబుసం విడిచి అందమైన యువకుడు బయటికి వస్తాడు. తండ్రి ఆ కుబుసాన్ని పట్టుకెళ్ళి నిప్పులో వేసేస్తాడు. ఒక పేజీ, అంతే. ఆ పిల్ల మనసులో ఏమేం మెదిలిందో, అదంతా విప్పి రాయకుండా వదిలేశారు. తెలుగులో ఎవరైనా నవల ఎత్తుకుంటారేమోనని ఎదురుచూస్తున్నాను.

మళ్ళీ అదే ఆవిడ, మళ్ళీ అదే కథ

'బ్యూటీ' రాసిన మెకిన్లీ 19 ఏళ్ళ తర్వాత, 1997లో, ఇదే కథని ఇంకో నవలగా రాసింది. పేరు 'రోజ్ డాటర్'. ఆసరికి ఇంగ్లండులో కాపురం, ఇంటి చుట్టూ గులాబీ తోట. నవల నిండా ఎరువూ మట్టీ ముళ్ళూ. ఇందులోనూ అక్కలు మంచివాళ్ళే. ఒక అక్క మగపిల్లాడి వేషంలో గుర్రపుశాలలో పనికి కుదురుతుంది. ఇంకో అక్కకి నోరు జాస్తి, పేరు జ్యువెల్‌టంగ్. ఊళ్ళోవాళ్ళకి బట్టలు కుట్టి ఇల్లు నడుపుతుంది.

చివర మాత్రం వేరు. బీస్ట్‌ని మళ్ళీ అందగాడిగా, ధనవంతుడిగా మార్చాలా, ఇలాగే ఉంచాలా అన్న ప్రశ్న బ్యూటీ ముందుకొస్తుంది. ఉన్నవాణ్ణి ఉన్నట్టే తీసుకుని ఇంటికి వెళ్ళిపోతుంది. మృగం మృగంగానే మిగిలిపోతాడు.

ఈ ముగింపు మా మనవరాలికి ఎలా చెప్పాలా అని కొంచెం జంకాను. ఏడేళ్ళ పిల్ల, డిస్నీ సినిమా నోటికొచ్చు. పోయిన నెల కరెంటు పోయిన రాత్రి డాబా మీద చెప్పేశాను. ఏడుస్తుందేమో, తప్పు చెప్పావంటుందేమో అనుకున్నాను. కాసేపు ఆలోచించింది.

"అమ్మమ్మా, అంత పెద్ద బీస్ట్‌కి పెళ్ళి చొక్కా దుకాణంలో దొరకదు కదా. మరెలా?"

"వాళ్ళ రెండో అక్క మిషను కుడుతుందని చెప్పానుగా" అన్నాను.

"అవును కదా" అని, దుప్పటి మీదకి లాక్కుని పడుకుంది.